కునుకు తీసే వైర్‌లెస్ డబ్బా

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేను ఎన్నడూ లెక్కచేయలేదు. మా మామిడికుదురు చుట్టుపక్కల అలాంటివాళ్లకు కొదవ లేదు. కొబ్బరిమట్ట రాలితే దయ్యం, కుక్క ఏడిస్తే దయ్యం. చెప్పేవాడు మాత్రం ఎప్పుడూ స్వయంగా చూసి ఉండడు, వాడి తోడల్లుడు చూసి ఉంటాడు.

మేము మూడు తరాలుగా క్రైస్తవులం. చనిపోయినవాళ్లు నిద్రిస్తున్నారని మా నమ్మకం, తిరుగుతున్నారని కాదు. పైగా నేను టెలిఫోన్ లైన్లలో లోపాలు వెతికే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ప్రతి లోపానికీ ఒక కారణం ఉంటుంది. దొరకలేదంటే వెతికినవాడు బద్ధకస్తుడని అర్థం.

ఆ బద్ధకస్తులకు మా ఆఫీసులో ఒక మాట ఉండేది. ఫిర్యాదు అందగానే వెళ్లి, ఏమీ చూడకుండా, "పరీక్షించగా బాగున్నది" అని రాసి సైకిలెక్కేసేవారు. అలా రాసినవాణ్ణి నేను మళ్లీ అదే స్తంభం ఎక్కించేవాణ్ణి. నన్ను చాలామంది తిట్టుకున్నారు. తిట్టుకోనివ్వండి.

మా అన్నయ్య హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు మస్కట్‌లో నర్సు. తల్లిదండ్రుల ముఖం చూస్తూ మాట్లాడాలని ఒక లాప్‌టాప్ పంపింది. దానికి ఇంటర్నెట్ వైరు గుచ్చే చోటు ప్రయాణంలోనే విరిగింది. అందుకని టెలిఫోను పక్కన వైర్‌లెస్ డబ్బా ఒకటి పెట్టించారు. ఇది రెండువేల తొమ్మిది నాటి మాట.

అన్నయ్యకు ఒక అలవాటుండేది. మధ్యాహ్నం భోజనం చేసి పడుకోబోతూ ఆ డబ్బా ప్లగ్గు పీకేసేవాడు. సాయంత్రం టీ తాగాక మళ్లీ పెట్టేవాడు.

"పొద్దుటినుంచీ మిణుకుతానే ఉందిరా పాపం. దానిక్కూడా ఓ కునుకుండాలి కదా," అనేవాడు.

హెడ్మాస్టరు చేసిన మనిషి అనవలసిన మాటేనా? ఎన్నిసార్లు వివరించినా నవ్వేవాడు. ఎప్పుడైనా ఎస్తేరుకి ఆ వేళే తీరిక దొరికితే మాత్రం వదిన వెళ్లి, "ఏవండీ, అమ్మాయండీ, కాస్త పెట్టండి," అనేది. ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి ప్లగ్గు పెట్టేవాడు. ఇంకెవరడిగినా పెట్టేవాడు కాదు.

ఆ వర్షాకాలంలో అన్నయ్య గుండెపోటుతో పోయాడు. ఎస్తేరు పాస్‌పోర్టు అక్కడి ఆసుపత్రి వాళ్ల దగ్గర ఉండిపోయింది. రావడానికి దారి లేదని తేలాక ఒక్కటే అడిగింది: పేటిక మూత వేసేముందు నాన్న ముఖం చూడాలని.

మర్నాడు పొద్దున నేనే లాప్‌టాప్‌ను షామియానా కింద, పేటిక పక్కన బల్లమీద పెట్టి పరీక్షించాను. అంతా సవ్యంగా ఉంది. ఎస్తేరు కనబడింది, మాట్లాడింది. డ్యూటీలో ఉన్నాను, ప్రార్థన అయ్యే వేళకు వస్తానంది.

మధ్యాహ్నం ప్రార్థన మొదలయ్యేసరికి వైర్‌లెస్ పోయింది.

కరెంటుంది. ఫోను పలుకుతోంది. డబ్బా మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి. లాప్‌టాప్‌లో మాత్రం ఆ డబ్బా పేరే కనిపించడం లేదు. లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ పెట్టాను. డబ్బాను ఆపి మళ్లీ పెట్టాను. లాప్‌టాప్‌కున్న వైర్‌లెస్ మీట ఆపి ఉందేమో చూశాను. ఫోను తీగను పొడిగించి డబ్బానే షామియానా కిందికి తెచ్చాను. జానెడు దూరంలో పెట్టినా అంతే.

ఈలోగా వదిన తమ్ముడు పీటరు వచ్చి తగులుకున్నాడు. దుబాయిలో రెండేళ్లు లారీ తోలి వచ్చి, కంప్యూటర్లన్నీ తనే కనిపెట్టినట్టు మాట్లాడే మనిషి.

"ఎండకి సిగ్నలు కరిగిపోద్దండి బావగారూ. దుబాయిలో రోజూ చూసేవోణ్ణి."

"ఎండేదయ్యా? మబ్బు పట్టి ఉంటే."

"అయితే మబ్బేనండి! ఆయ్!"

అలాంటి బుర్రకు జవాబు చెప్పడం కూడా దండగ.

ఎస్తేరు ఫోన్లో ఉంది. "బాబాయ్, వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. గొంతు వినిపిస్తోంది. కానీ ఆ పిల్ల అడిగింది గొంతు కాదు.

పాస్టరు గారు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నారు. "ఇంక ఆగలేమండి. గోతిలో నీళ్లూరుతున్నాయని కబురొచ్చింది. వాన మొదలైతే మళ్లీ తోడుకోవాలండి."

నిజమే. మా నేలలో కాస్త లోతుకు తవ్వితే చాలు, నీళ్లు పడతాయి. వానాకాలంలో తవ్విన గొయ్యి ఎవరికోసమూ ఆగదు. మూత వేసేవాళ్లు లేచారు.

అప్పుడు వదిన లేచింది. పేటిక మీదికి వంగి, వంటింట్లోంచి చెప్పినంత మామూలుగా అంది.

"ఏవండీ, అమ్మాయండీ. కాస్త పెట్టండి."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. నాకు చిరాకేసింది. ఇలాంటప్పుడు ఇలాంటి మాటలే దయ్యాల కథలవుతాయి. కోపంగా లాప్‌టాప్ మూసేయబోయాను. డబ్బా పేరు తెరమీద ఉంది. నేను ఏ మీటా నొక్కలేదు. పీటరు చెయ్యీ పడలేదు, వాడు నాలుగడుగుల అవతల కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

ఎస్తేరు కనబడింది. నర్సు దుస్తుల్లోనే ఉంది. లాప్‌టాప్‌ను ఎత్తి అన్నయ్య ముఖం వైపు తిప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. "నాన్నా, పడుకో," అంది.

మూత వేశారు. తెరమీద బొమ్మ ఆగిపోయింది. డబ్బా పేరు మళ్లీ మాయమైంది.

సమాధుల తోట నుంచి వచ్చి, తడి బట్టలు మార్చుకుని టీ గ్లాసు అందుకునే వేళకు వైర్‌లెస్ దానంతటదే పనిచేస్తోంది.

తరువాత నేను ఊరుకోలేదు. లాప్‌టాప్‌నూ డబ్బానూ అమలాపురం తీసుకెళ్లి షాపులో ఇచ్చాను. వాళ్లు వారం ఉంచుకుని ఏ లోపమూ లేదన్నారు. కొన్నాళ్లపాటు మధ్యాహ్నం పూట అన్నయ్య ఇంటికి వెళ్లి కూర్చుని చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. పీటరు మాత్రం దీన్ని ముమ్మిడివరం దాకా చాటాడు. ఇప్పుడు వాడి కథలో అన్నయ్య తెరమీద చెయ్యి కూడా ఊపుతున్నాడు. ఆ కథ వినడం ఇష్టంలేకే జరిగింది జరిగినట్టు నేను రాస్తున్నాను.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నమ్మేవాళ్లంటే ఇప్పటికీ చులకనే. కానీ ఆ రోజు రాత్రి, అలవాటుగా డైరీ తెరిచి, వైర్‌లెస్ ఆగడమూ మళ్లీ రావడమూ రాసి, కారణం రాయబోతే కలం కదల్లేదు. పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఏదీ వదిలిపెట్టలేదు.

చివరికి, నేను ఎందరినో స్తంభాలెక్కించిన ఆ మాటే రాసి పడుకున్నాను: పరీక్షించగా బాగున్నది.