బొమ్మలో ఎండిపోయిన గోడ

మేస్త్రీకి నోరు పెద్దది. ముప్పై ఏళ్ళుగా గోడలకు పూత పూస్తున్నాడు గానీ తడిగోడ మీద తాపీ పెట్టిన పాపాన పోలేదు. భూగర్భ రైల్వే స్టేషన్ కట్టేచోట ఆ పట్టుదలే ఆయన కొంప ముంచింది. రెండో మెట్లదారి పక్క గోడ నుంచి నీళ్ళు కారుతుంటే, "ముందు ఊట ఆపండి, తర్వాత పూస్తా" అన్నాడు. సూపర్‌వైజరు ఆయన్ను పనిలోంచి తీసేసి, పని చేతకానివాడని ఊరంతా చాటాడు. మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు.

"బావా, నీ నోటిదూల గానీ గోడకేం రోగం?" అని బావమరిది ఎగతాళి. భార్య ఏమీ అనదు. ఆ అనకపోవడమే మేస్త్రీని కాల్చుకుతినేది.

మిగిలిన ధైర్యమల్లా స్టేషన్ కట్టేచోట పరిచయమైన ఒక చిత్రకారుడే. నాలుగు నెలలు ఇనుప చట్రాల మధ్య స్టూలేసుకుని ఆ స్టేషన్ బొమ్మ గీశాడు. మేస్త్రీ టీలో సగం తాగాడు, డబ్బాలో సగం తిన్నాడు. గోడ మీది నీటిచారలు, దాని ముందు తాపీ కిందపెట్టి చేతులు కట్టుకున్న మేస్త్రీ, అంతా ఉన్నదున్నట్టు దించాడు. "ఎవరు నమ్మకపోయినా నా బొమ్మ చెబుతుంది మేస్త్రీ" అన్నాడు కూడా.

స్టేషన్ తెరిచిన రోజు మేస్త్రీ ఉతికిన చొక్కా తొడుక్కుని, భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకెళ్ళాడు. హాల్లో నిలువెత్తు బొమ్మ.

గోడ పొడిగా ఉంది! పైగా మేస్త్రీ చెయ్యి లేచి, తాపీతో ఆ గోడకే పూత పూస్తోంది. అక్కడ రంగు కాస్త ఉబ్బెత్తుగా ఉంది. మాసిక వేసిన చోటు మేస్త్రీ కంటికి దాగుతుందా?

అక్కడే ఉన్న చిత్రకారుడు గొంతు తగ్గించాడు. "బొమ్మ కొన్నది స్టేషన్ వాళ్ళే మేస్త్రీ. తడి కనపడకూడదన్నారు. నీ ముఖం మాత్రం తియ్యనివ్వలేదు, తెలుసా?"

ఇన్నాళ్ళూ అతన్ని మీరంటూ వచ్చిన మేస్త్రీ నువ్వులోకి దిగాడు. "ముఖం తీసేసినా బాగుండేది కదయ్యా! నేను పూయనన్న గోడకి నాచేతే పూయించావు. నీకు నేనేం ద్రోహం చేశాను?"

భార్య బొమ్మనూ భర్తనూ మార్చి మార్చి చూసింది. "మరి పూయలేదన్నారు కదండీ?"

అసలు గోడే చూపిస్తానని మేస్త్రీ ఆమెను రెండో మెట్లదారికి లాక్కెళ్ళాడు. అక్కడ కిందినుంచి పైదాకా తెల్లటి టైల్స్ అతికించేశారు. టైల్ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"పోనీలెండి, పూస్తే పూశారు" అంది భార్య జాలిగా. "ఇంటికి పోదాం పదండి."