చేతికి తెలియని జ్వరం

ఈ మధ్యాహ్నం మిరప కల్లంలో పేపరు చదువుతుంటే, ఎండలో ఎర్రటి రాశులు కలలోలా కదిలాయి. మిరప ఘాటు పదేపదే తగిలితే నొప్పి, వేడి తెలిపే నరాలు మొద్దుబారతాయని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారట. నా చదువంతా ఇలా పేపర్లలో అబ్బిందే కనుక, తొడిమలు తీస్తున్న కోటమ్మకు గొప్పగా వినిపించాను.

"మూడు రోజులే మంటండీ. ఆనక చేతికి వేడే తెలీదు. ఇదీ ఓ కొత్త సంగతేనా?" అని నవ్వింది.

అంతలో పక్కనే చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో, నిన్నటి నుంచి జ్వరంతో ఉన్న ఆమె మనవరాలు మూలిగింది. కోటమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, పాప నుదుటికి చెంప ఆనించింది. చాలాసేపు అలాగే కళ్ళు మూసుకుని ఉంది.

"తగ్గిందండీ. చెంప నిజం చెబుద్ది."

పేపరులో చెంప ఊసే లేదు. శాస్త్రజ్ఞులకు కార్డు ముక్క రాయనా, మీరేమంటారు?