అమ్మ సీసాలో ఊదా రంగు

మనిషి పోషణ, జీవక్రియల మీద ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు, రెండో సెమిస్టర్ ప్రాక్టికల్‌కి ఇంటి నుంచి రెండు మూత్రం సీసాలు తెమ్మన్నారు. ఒకటి జబ్బున్నవాళ్లది, ఒకటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లది. మా ఇంట్లో వెతుక్కోవలసిన పని లేదు. ఖిదిర్‌పూర్ ఓడరేవులో బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం చేసిన నాన్నకి షుగరు. అమ్మకి ఏ రోగమూ లేదని మా అందరి నమ్మకం. ఆవిడ సీసా మీద పెద్ద అక్షరాలతో 'నార్మల్' అని రాసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని కాలేజీకి వెళ్లాను.

షుగరు పరీక్షలో నాన్నది ఇటుక రంగుకి తిరిగింది, అమ్మది నీలంగానే ఉండిపోయింది. అనుకున్నట్టే ఉందని మురిసిపోయాను. తర్వాతది కీటోన్ల పరీక్ష. ఒంటికి తిండి అందనప్పుడు కొవ్వు కరిగి కీటోన్లు పుడతాయి. గొట్టం అంచు వెంట అమ్మోనియా మెల్లగా జారవిడిస్తే, అవి ఉన్నచోట ఊదా రంగు వలయం కడుతుంది. నాన్న గొట్టంలో ఏమీ లేదు. అమ్మ గొట్టంలో చిక్కటి ఊదా రంగు దిగింది.

"సీసాలు మార్చేశావు," అంది నా పక్క బల్ల దగ్గరి బెంగాలీ అమ్మాయి.

అదే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చేశాను. షుగరు లేని సీసాలోనే మళ్లీ ఊదా రంగు. మేడమ్ వచ్చి గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది.

"ఇదెవరిది?"

"మా అమ్మది."

"మీ అమ్మ తిండి తినడం లేదు," అంది మేడమ్. "ఇవాళే డాక్టరుకి చూపించు. తినిపించేటప్పుడు కొద్దికొద్దిగా పెట్టు, ఒకేసారి ఎక్కువ పెట్టకు."

పోయిన వారం కుళాయి దగ్గర అమ్మ కళ్లు తిరిగి కూలబడిపోతే, ఎండ దెబ్బ అని ఉప్పు నీళ్లు ఇచ్చిన మహా పండితురాలిని నేనే. బస్సు కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో అది ఇరవై మూడో రోజు. మా చర్చి ఆడవాళ్లు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం ప్రార్థన అయ్యాక అక్కడే అందరూ కలిసి తింటారు. నేను ఇల్లు చేరేసరికి అమ్మ, "నాను చర్చిలో తినేసినాను, మీరు కానీండి," అనేది. రోజూ ఆ మాట విని కంచం ముందు కూర్చునేదాన్ని. ఏం తిన్నావని ఒక్కనాడూ అడగలేదు.

నేను వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జాకెట్టు చేతులు ఆవిడ మోచేతుల మీద వదులుగా వేలాడుతున్నాయి. అవి ఎప్పటి నుంచి అలా ఉన్నాయో నాకు తెలియదు.

"నిన్న చర్చిలో ఏటి తిన్నావు?"

"ఏటో తిన్నాను."

"అదే, ఏటి?"

అమ్మ చేట కింద పెట్టింది. "గుప్పెడు మరమరాలు, టీ నీళ్లు. ఏటలా చూస్తన్నావు?"

పరీక్ష సంగతి చెప్పాను. ఊదా రంగంటే ఏమిటో విడమర్చి చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అయితే నాను ఉన్నది నిజం ఉపవాసమేనని మీ కాలేజీలో కూడా తేలిందన్నమాట."

నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురూ సాయంత్రం తింటుంటే నీకొక్కదానికే ఇదేం పిచ్చి, చస్తావా, అని అరిచాను. ఆవిడ నా అరుపు అయ్యేదాకా ఆగింది.

"నీ కోసమే ఉంటన్నాను. మొదటి పరీక్షలో తప్పినావు కదా."

నిజమే, ఒక పేపరు తప్పాను. ఆ సంగతి నాన్నకి తెలియదు, చెల్లికి తెలియదు. మార్కుల కాగితం కాలేజీ బీరువాలోనే దాచాను.

"నీకెవరు చెప్పారు?"

"ఎవులు చెప్పాల? క్రిస్మస్ అయినాక మీ మార్కులొచ్చిన కాడి నుంచి రెండోసారి అన్నం ఎట్టించుకోటం మానేసినావు. చేపల పులుసు ఒండినా అంతే. అడిగితే సిగ్గు పడతావని ఊరుకున్నాను."

మనుషులు నిన్న ఏం తిన్నారో, ఎన్ని గరిటెలు తిన్నారో అడిగి రాసుకోవడం మా చదువులో పెద్ద పాఠం. టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి కట్టలకి కట్టలు కాగితాలు నింపాను. ఏ కాగితమూ లేకుండా మా అమ్మ నా కంచం చూసి, నేను దాచినదంతా తెలుసుకుంది.

గంజి కాచి, ఉప్పు వేసి గిన్నెలో తెచ్చాను. ముందిది తాగు, తర్వాత డాక్టరు దగ్గరకి పోదాం, అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "దేవుడికి మాటిచ్చినాను. నువ్వు గట్టెక్కేదాకా ఇంతే."

"మళ్లీ తప్పితే?"

"మళ్లీ ఉంటాను," అంది, రేపు చాకిరేవుకి బట్టలెయ్యాలి అన్నంత మామూలుగా.

నేను అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. అమ్మ లేచి లోపలికి వెళ్లి, పొద్దుటి అన్నం, పులుసు కంచంలో పెట్టి నా ముందుకు తోసింది. తిన్నాను. రెండోసారి పెట్టింది. అదీ తిన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా కళ్లార్పకుండా చూసి, అప్పుడు గంజి గిన్నె అందుకుని ఒక గుక్క తాగింది.