నేను మార్చని జవాబు

అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాసన తగిలి ఆగాను. తొమ్మిదో తరగతిలో మాకు పాఠంగా ఉన్న ఇంగ్లీషు నవల అక్కడ కనిపించింది. అందులో ఓ అనాథ కుర్రాడు దొరబాబుగా మారి, తనను పెంచిన కమ్మరిని చూసి సిగ్గుపడతాడు.

పై తరగతివాళ్ళ దగ్గర తీసుకున్న నా పుస్తకంలో చివరి పేజీలు లేవు. కథ అంతేననుకున్నాను. ‘కుర్రాడు ఎలా మంచివాడయ్యాడు?’ అన్న ప్రశ్నకు ‘కాలేదు’ అని రాశాను.

“ఏందిరా ఇది? గైడ్‌ల గిట్లనే ఉన్నదా?” అన్నారు సారు. “మార్చి రాయి, లేకుంటే సున్నా.”

“రాయను సార్. మా బాపు గూడ కమ్మరే.”

క్లాసంతా నవ్వింది.

“మీ బాపుకు ఇంగ్లీషొస్తదారా?” అన్నాడు వెనక బెంచీవాడు.

“నీకొస్తదా?” అన్నాను.

సున్నాతోనే లాల్‌దర్వాజాలోని ఇంటికి వెళ్ళాను.

ఇవాళ ఆ చివరి పేజీలు నిలబడే చదివాను. కుర్రాడు ఏడ్చి క్షమాపణ అడిగాడు, కమ్మరి వెంటనే క్షమించాడు. సారు మార్చమన్నది న్యాయమే. అయినా నా జవాబు మార్చను. క్షమాపణ అడిగి పరదేశం వెళ్ళిపోయాడే గాని, వాడు మళ్ళీ ఒక్క పూటైనా ఆ కొలిమి తిత్తి లాగలేదు. ఉద్యోగం వచ్చాక కూడా, బాపు ఉన్నన్నాళ్ళూ, ప్రతి ఆదివారం నేను లాగాను.