పీర్జాదిగూడకు ఒక ఫ్లాస్కు వేణ్ణీళ్ళు

ఉదయం తొమ్మిదిన్నరకు నాచారంలోని మా ల్యాబ్ నుంచి బయలుదేరాను. భుజాన చిన్న ఐస్‌బాక్సు, చేతిలో కొత్త స్టీలు ఫ్లాస్కు.

దగ్గు, జ్వరం తెచ్చే ఒక వైరస్‌ను అరగంటలో కనిపెట్టే పరీక్ష మాది. ముక్కులోంచి తీసిన నమూనాను గులాబి రంగు మందున్న చిన్న గొట్టంలో వేసి, అరవై అయిదు డిగ్రీల వేడిలో ఉంచాలి. వైరస్ ఉంటే మందు పసుపుగా మారుతుంది. ల్యాబ్‌లో యంత్రం మీద బాగానే వస్తోంది. యంత్రం లేకుండా, ఉత్త వేణ్ణీళ్ళతో బయట కూడా వస్తుందా? అది ఈరోజు పీర్జాదిగూడ బస్తీ దవాఖానాలో తేలాలి. రాకపోతే ఈ ఆలోచన పక్కన పెట్టేద్దామన్నారు మా ల్యాబ్ నడిపే మేడమ్. కొత్తవాళ్ళతో నోరు విప్పని నన్నే ఎందుకు పంపారో తెలియదు.

ఉప్పల్‌లో మెట్రో కింద ఘట్‌కేసర్ వైపు వెళ్ళే బస్సుకు మారాలి. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కుడివైపు కిటికీ మాత్రం వద్దు, రోడ్డు మధ్య వంతెన పనుల దుమ్మంతా అటే.

పక్కసీట్లో ఒక పెద్దావిడ దగ్గుతూ ఫ్లాస్కు కేసి చూసింది.

"చాయేనా బిడ్డా?"

"వేణ్ణీళ్ళమ్మా."

"ఇంకా మంచిది. జర పొయ్యి, గొంతు ఎండుతున్నది."

కాదనలేకపోయాను. ఆవిడ తాగుతుంటే ముందుసీటు తల్లి పాలసీసా చాపింది. "ఇటు గూడ జర పొయ్యి చెల్లె, పాలపొడి కలుపుత."

కండక్టరు నవ్వాడు. "ఏందమ్మా, బస్సుల హోటల్ పెట్టినవా?"

దిగేసరికి ఫ్లాస్కు ఖాళీ. దవాఖానాలో కరెంటు లేదు, నర్సమ్మ కెటిల్ పనిచేయలేదు. పదకొండయింది. మందు గొట్టాలున్న ఐస్‌బాక్సులో మంచు కరిగిపోతోంది. ఎదురుగా చాయ్ బండి కనిపించింది. మరిగే నీళ్ళు అడిగి ఫ్లాస్కులో పోసి, అరవై అయిదుకు దిగేదాకా చన్నీళ్ళు కలుపుతూ థర్మామీటరు ముంచాను. చుట్టూ జనం చేరారు.

"నీళ్ళకు జ్వరమొచ్చిందా ఏంది?" అన్నాడు చాయ్ బండి అన్న.

నవ్వొచ్చింది. నవ్వుతూనే అందరికీ పరీక్ష సంగతి మొత్తం చెప్పేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తిరిగి వచ్చేసరికి దవాఖానా వరసలో బస్సులో నీళ్ళు తాగిన పెద్దావిడే కూర్చుని ఉంది. నమూనా ఇవ్వడానికి ఒప్పుకుంది, అలిగినట్టు మూతి మాత్రం తిప్పుకుంది. "నీ నీళ్ళు తాగినందుకు నా ముక్కుల పుల్ల పెడ్తివా?"

ఫ్లాస్కులోకి మూడు గొట్టాలు వెళ్ళాయి. ఒకదాంట్లో వైరస్ జన్యువు ముక్క, ఇంకోదాంట్లో శుద్ధమైన నీళ్ళు, మూడోది ఆవిడది. మొదటిది పసుపుగా మారాలి, రెండోది గులాబిగానే ఉండాలి. అప్పుడే మూడోదాని మాట నమ్మాలి. నర్సమ్మ రెండుసార్లు మూత మీద చెయ్యి వేసింది, వేడి పోతుందని రెండుసార్లూ ఆపాను.

అరగంట తర్వాత పైకి తీశాం. మొదటిది చక్కటి పసుపు. రెండోది గులాబి. ఆవిడది కూడా గులాబే.

"నాకేం లేదా?"

"మేం వెతికేది కనబడలేదమ్మా. దగ్గు సంగతి డాక్టరుగారు చూస్తారు."

"గట్లయితే ఫికర్ లేదు," అని నా బుగ్గ గిల్లింది. చాయ్ బండి అన్న అందరికీ తలా ఒక కప్పు పంపాడు.

ఫొటో పంపితే మేడమ్ జవాబిచ్చారు: "ఈసారి రెండు ఫ్లాస్కులు తీసుకెళ్ళు. ఒకటి బస్సుకి."

తిరుగు బస్సులో పక్కనున్న అక్క అడిగింది, "అండ్ల చాయా?" కాదని మొదలుపెట్టి, కండక్టరు "ఉప్పల్ దిగరా మేడం?" అనేదాకా చెబుతూనే ఉన్నాను.