పురుగులింట్లో మందువాసన

పుంగనూరు దగ్గరి ఆ పల్లెలో పట్టుపురుగులు మేపే ఇంటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పురుగులున్నన్నాళ్ళూ ఇంట్లో తాలింపు పెట్టరు, అగరొత్తి వెలిగించరు, వాసన నూనె రాసుకుని తట్టల దగ్గరికి పోరు. ఘాటు తగిలితే పురుగు మేత మాని చస్తుందని నమ్మకం. గంగులమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచీ ఇవి తప్పలేదు. తప్పనందుకే పెద్దకూతురు పోయిందని ఎవరితోనూ అనలేదు.

తొంభైమూడులో ఆ పెద్దపిల్ల స్వర్ణలతకు ఎనిమిదేళ్ళు. ఉబ్బసం. మదనపల్లె ఆసుపత్రిలో పీల్చే మందిచ్చారు. పురుగులకు పడదని గంగులమ్మే దాన్ని గుడ్డలో చుట్టి పశువుల కొట్టం చూరులో దోపింది. ఒక మధ్యాహ్నం పిల్లకు ఊపిరాడలేదు. చూరంతా పీకి, మందు చేతబట్టుకుని పరుగెత్తి వచ్చేసరికి పిల్ల రొమ్ములో పిల్లికూతలు ఆగిపోయాయి. తగ్గిందనుకుంది ఆ తల్లి.

పదేళ్ళయింది. పురుగులు ఆకు నమిలే చప్పుడు కింద గంగులమ్మకు సన్నటి కూత ఒకటి వినబడుతూనే ఉంటుంది. చెయ్యాపి వింటుంది. ఏమీ ఉండదు.

ఈ యేడు నిజంగానే వినబడింది. మూడో తరగతి చదివే చిన్నకూతురు తేజస్విని రొమ్ములోంచి.

"పురుగుల దుమ్ము దీనికి పడదమ్మా, ఆ ఇంట్లో పండుకోబెట్టొద్దు," అంది డాక్టరు ఎవాంజెలిన్. "ఈ గోధుమరంగుది దినామూ రెండుపూటలా పీల్చాల, బాగుండినా సరే. ఈ నీలంది ఆయాసమొస్తే. ఇట్లాంటిదే ఇంకొకటి బళ్ళో టీచరుకియ్యి."

"బాగుండేదానికి మందు యాలమ్మా?"

"వానొచ్చినాక కప్పు నేస్తావా?"

పిల్ల పడక వసారాలోకి మారింది. నీలం మందు గంగులమ్మ నడుము దగ్గర కొంగులోకి చేరింది.

పంట ఆఖరి మేతలో ఉండగా, తేజస్విని బడినుంచి తడిసి వచ్చి, అమ్మను పిలుస్తూ నేరుగా పురుగుల గదిలోకి దూరి, అక్కడే కూలబడింది. డొక్కలెగరేస్తోంది. గంగులమ్మ కొంగు విప్పింది.

అత్త బయ్యమ్మ గడపలో అడ్డం నిలబడింది. "బయటికెత్తుకపోవే! ఈడ కొట్టొద్దు! నాల్దినాలుంటే గూళ్ళు కడతాయి, పంట పోతాది!"

"పోనీ అత్తా."

"పోనీ అనేదానికి నీ పుట్టింటోళ్ళు పంపించినారా?"

వసారా నాలుగడుగులే. ఆ నాలుగడుగులు కూడా నడవలేదు గంగులమ్మ. గొట్టం పిల్ల నోటికి పెట్టి నొక్కింది. "పీల్చు నాయనా. మెల్లంగా. లోపలే పట్టు." మళ్ళీ నొక్కింది. మందువాసన తట్టల మీదికి పాకింది. కాసేపటికి పిల్ల మాట్లాడింది: "ఆకలమ్మా."

ఆ సాయంత్రం బస్సుకే డాక్టరుకు చూపించుకొచ్చారు.

నాలుగోనాడు బయ్యమ్మ తట్టలన్నీ చూసింది. "సూస్తివా, ఒక్క పురుగూ సావలా!"

గంగులమ్మ వినలేదు. ఒక్కొక్క తట్టా దించి, ఆకులు తిరగేసి, అడుగంటా వెతికింది.

"ఏం వెతుకుతాండావే?"

"ఒకటైనా సచ్చిందేమోనని అత్తా. సచ్చింటే, ఆపొద్దు స్వర్ణకిచ్చిన మందు నేను దాసిపెట్టిన దానికి ఒక సాకన్నా ఉండేది."