బహుశా కోట

ముందే ఒక మాట విన్నవించుకుంటాను. నాకు పిల్లిని చూసి చిరుతపులి అని చెప్పే జబ్బు ఉంది. వాన మొహం ఎరగని రాయచోటి సీమలో పుట్టినవాణ్ణి కదా, నాలుగు చినుకులు రాలితే చెరువు తెగిందని చెప్పుకోవడం మాకు దాహం తీర్చుకోవడం లాంటిది. కాబట్టి నేను రాసేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా ఒకసారి జల్లెడ పట్టి చదువుకోండి. ఇందులో అచ్చంగా నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో స్కాట్లాండు పాత ఇళ్ళ బొమ్మలు చూపించింది. ఏళ్ళ తరబడి ఒక ఇంటి పేరు చెప్పి పిల్ల ప్రాణం తీస్తుంటే, నా పోరు పడలేక వెతికి పట్టింది. గుట్టకింద బూడిదరంగు ఇల్లు, నెత్తిన పొగగూళ్ళ వరుస, కుడిమూలన మాత్రం బుగ్గలో వక్క పెట్టుకున్న మనిషిలా ఉబ్బిన గుండ్రని గోడ. చూడగానే పోల్చుకున్నాను. బొమ్మకింద ఏముందో చదివి చెప్పమంటే, ‘ఈ ఇల్లు మొదట బహుశా కోట అయి ఉండవచ్చు’ అని రాశారని చెప్పి తన పనిలో పడిపోయింది. నేను మాత్రం కాఫీ మీగడ కట్టేదాకా ఆ ఫోను వదల్లేదు. ఆ ‘బహుశా’ అన్న మాట కువైట్‌లో ఒక మనిషికి ఎంతకాలం నిద్రలేకుండా చేసిందో నాకు తెలుసు.

యుద్ధం ముగిసి, నూనెబావుల మంటలు ఆరి, కువైట్ మళ్ళీ ఊపిరి తీసుకుంటున్న రోజులు. జహ్రాలో ఒక పెద్దాయన ఇంట్లో నేను డ్రైవరుని. ఆయన నా కఫీలు, అంటే అక్కడ నాకు పూచీ పడిన యజమాని. ఇంటిల్లిపాదీ పిలిచినట్టే నేనూ ఆయన్ని బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ అనేవాణ్ణి. వంటింట్లో మా అక్క ఉండేది. తోడబుట్టినది కాదు, గోదావరి జిల్లా కిరస్తానీ ఆవిడ, నాకంటే ముందే వచ్చింది, యుద్ధాన్ని కళ్ళారా చూసింది. ఆవిడ పులుసు కాస్తే ఇరాక్ సరిహద్దు దాకా ముక్కులు లేచేవి. బాబాకున్న ఇంకో ఇంట్లో అద్దెకుండేవాడు మా దొర. షువైఖ్ రేవులో క్రేన్లు బాగుచేయించే స్కాట్లాండు ఇంజనీరు. పొద్దున్నే ఆయన్ని రేవు దగ్గర దించి రావడం కూడా బాబా నాకే అప్పగించాడు.

దొర కారెక్కితే మాట్లాడేది ఒకే సంగతి, వాళ్ళ తాతలనాటి ఇల్లు. జేబులో పిల్లల ఫొటోలు పెట్టుకునే లోకంలో ఆయన ఇంటి ఫొటో పెట్టుకు తిరిగేవాడు. ఆ ఉబ్బిన మూల గోడ ఎంత మందమంటే, దాని లోపల మా ఊరి ఎద్దు మేత మేసి, వెనక్కి తిరిగి, నెమరు కూడా వేసుకోవచ్చు. ఆ గోడలోంచి రాతిమెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోయి, ఒక చిన్న కిటికీ దగ్గర అర్ధాంతరంగా ఆగిపోతాయట. కింద గొడుగులా వంగిన రాతి కప్పుతో ఒక చీకటి గది. ఇదంతా ఒకప్పటి కోటబురుజే అనీ, కత్తుల కాలం పోయాక వంశంవాళ్ళు దాని చుట్టూ గదులు కట్టి కోటను ఇంటి కడుపులో దాచేశారనీ దొర నమ్మకం. నమ్మకానికి రుజువు కావాలి. ఎందుకంటే ఆ ఇంట్లో సగం వాటాదారైన ఆయన తమ్ముడు దాన్ని అమ్మేద్దామంటున్నాడు. కొనేవాడు నేలమట్టం చేసి కొత్తవి కడతాడట. కోట అని తేలితే మాత్రం అక్కడి సర్కారు గడ్డపార తాకనివ్వదు.

పాత కట్టడాలు చదివిన పెద్దమనిషి ఒకాయన వచ్చి, గోడలు తట్టి, నేల తవ్వి, చివరికి ‘బహుశా’ అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళాడు. ఆ సంగతి ఫోనులో విన్న రోజు మా దొర రేవు దాటి పోయినా దిగలేదు. షువైఖ్ గ్యారేజీల చుట్టూ నేను ఊరేగింపు తిప్పినట్టు తిప్పుతూనే ఉన్నాను.

అక్కకి ఫొటో చూపించి గొప్పలు పోతే ఆవిడ పెదవి విరిచింది. “ఇదేం కోట తమ్ముడూ, ఈ కిటికీ చూడు, మా ఊళ్ళో కోళ్ళగూటికి ఇంతకంటే పెద్దది పెడతారు.” నాకు రోషం వచ్చింది. నా దొర కోట నేను నిలబెట్టకపోతే ఇంకెవరు నిలబెడతారు? శుక్రవారం మావాళ్ళు చేరే గదిలో దానికి రెండు బురుజులు, ఒక కందకం కట్టాను. మా కడప తమ్ముడొకడు మొసళ్ళున్నాయా అని అడిగితే, పాపం వాడి ఆశ ఎందుకు చంపాలని మొసళ్ళనీ వదిలాను. అదే ఊపులో బాబా దగ్గర కూడా, మన అద్దెదారు సామాన్యుడు కాదు, కోటకి వారసుడు అనేశాను.

బాబా ఆ మాట ఊరికే పోనిస్తాడా! చలికాలంలో కబ్ద్‌లోని తోట దగ్గర గుడారం వేయించి, గొర్రెని కోయించి, దొరని పిలిచి, తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాఫీ అయ్యాక, కోటవాళ్ళని అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మీ కోట ఏ శత్రువుని ఆపింది? నేను ఆ ప్రశ్నని నాకొచ్చిన ఇంగ్లీషులో దొరకి చెప్పేసరికి ఆయన మొహం ఎర్రబడింది. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. అది కోటో కాదో తనకే తెలియదనీ, రుజువు దొరకలేదనీ, ఈ నెలలో తమ్ముడికి జవాబు చెప్పాలనీ, బహుశా కూల్చేస్తారనీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నా మొసళ్ళు ఆ ఇసకలో ఒక్కొక్కటే చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను.

బాబా నవ్వలేదు. గుడారం వాకిట్లో టీ పళ్ళెంతో నిలబడ్డ అక్క వైపు తిరిగి, “ఇరాక్ సైనికులు వచ్చిన రోజు నువ్వెక్కడున్నావో ఈయనకి చెప్పు” అన్నాడు. అక్క పళ్ళెం కింద పెట్టి చెంగుతో చేతులు తుడుచుకుంది.

“మీ బియ్యం గదిలో, బాబా. బస్తాల వెనకాల. పక్కింటి ఆడవాళ్ళూ నేనూ. తలుపు కొట్టినప్పుడల్లా మామా వాళ్ళకి ఎదురెళ్ళి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పేది.”

బాబా తన అరచెయ్యి దొర ముందు నిలబెట్టాడు. నా ఇంటి గోడ ఇంత మందం, సిమెంటు ఇటుక, తన్నితే పడుతుంది, కానీ ఆ రోజుల్లో అది కోట అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, “మీ ఇల్లు ఎవరిని దాచింది?”

దొర ఎవరికో కాక తనకే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. మంచు కురిసే రాత్రుల్లో వాళ్ళ నాయనమ్మ ఆ మెట్లెక్కి చిన్న కిటికీలో దీపం పెట్టేదట. గుట్టల్లో దారి తప్పిన గొర్రెలకాపరులూ బాటసారులూ ఆ వెలుగు పట్టుకుని వచ్చి, కింద రాతి గదిలో జీవాలతో సహా తెల్లారేదాకా వెచ్చగా పడుకునేవాళ్ళట. ఎవరని అడగకూడదు, పొద్దున అంబలి తాగించకుండా పంపకూడదు, అది ఇంటి కట్టడి. ఆ దీపం పట్టుకెళ్ళడం కోసం తనూ తమ్ముడూ జుట్లు పీక్కునేవాళ్ళమని చెబుతూ నవ్వబోయి, నవ్వలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మరి ఇంక రాళ్ళని ఎందుకు అడుగుతావయ్యా” అని బాబా ఆయన పళ్ళెంలోకి గొర్రె కాలేయం ముక్క తోశాడు. వాళ్ళలో అది అత్యంత గౌరవం.

“నువ్వు ఏడిపించావు ఆయన్ని” అని అక్క తెలుగులో నా మీద విరుచుకుపడింది, అక్కడికి ప్రశ్న నేను అడిగినట్టు. “నీ మొసళ్ళు తగలెయ్య! కోళ్ళగూడు కాదులే తమ్ముడూ, ఆ కిటికీ దీపానికి సరిపోతుంది.”

మర్నాడు రేవుకి పోతూ దొర టెలిఫోను ఆఫీసు దగ్గర కారు ఆపమన్నాడు. అద్దాల గదిలో ఆయన చేతులు గాలిలో పోట్లాడ్డం, తర్వాత చల్లబడడం, ఆఖరికి గోడకి ఆనుకుని వినడం నేను బయటినుంచి చూశాను. వచ్చి కూర్చుని, అమ్మడం లేదన్నాడు. దీపం మాట ఎత్తగానే తమ్ముడు, నువ్వే ఎక్కువసార్లు పట్టుకెళ్ళావని ఇన్నేళ్ళకి దెబ్బలాడాడట. తర్వాత ఇంక కూల్చే మాట ఎత్తలేదట. “యల్లా”, ఇక పద, అని దొర అరబ్బీలో అనడం నేను విన్నది అదే మొదలు.

కాంట్రాక్టు ముగిశాక ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళిన మొదటి మంచు రాత్రే మెలికల మెట్లెక్కి చిన్న కిటికీలో దీపం పెట్టాడు.

ఇప్పుడు ఆ బాబా లేడు. అక్క గోదావరి ఒడ్డుకి చేరింది, పులుసు మాత్రం అక్కడ ఆ వాసన రావడం లేదని ఫోనులో ఫిర్యాదు చేస్తుంటుంది. ఇప్పటి కుర్రాళ్ళు కువైట్‌లో అన్నం కలుపుకుంటూ ఫోనులో ఇంట్లోవాళ్ళ మొహాలు చూస్తారు, ఎవరూ ఎవరికీ తప్పిపోరు. మా కాలంలో ఖలాస్ అని చెప్పి విమానమెక్కిన మనిషి, ఇక మనం ఊహించుకున్నట్టే బతికేవాడు. మాకు మిగిలింది ఆ ఊహే. ఆ రోజుల్లో గొప్పలు చెప్పుకోవడానికి చోటుండేది, ఇప్పుడు ప్రతిదానికీ బొమ్మ ఉంది.

ఇచ్చిన మాట ప్రకారం ఒప్పుకుంటున్నాను. గోడ నిజం, మెట్లు నిజం, బియ్యం గది, బాబా చెయ్యి అక్షరాలా నిజం. దొర తిరిగివెళ్ళి దీపం పెట్టాడని రాశానే, అదొక్కటే నా కల్పన. విమానాశ్రయంలో చెయ్యి ఊపిన తర్వాత ఆయన కబురు నాకు ఒక్కటీ అందలేదు.

అందుకే మొన్న ఫోనులో ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశాను. మూల గోడ మీద, ఆ కోళ్ళగూటి కిటికీలో, పసుపుపచ్చగా ఏదో మెరుస్తోంది. ఎండ పడి ఉంటుంది నాయనా అంది మా అమ్మాయి.

బహుశా.